కాటాకి ఆదివారం

ఆదివారం క్వారీకి సెలవు.
చర్చి నుంచి నేరుగా వచ్చి షట్టర్ ఎత్తాను.
తెల్లచీర మీద అప్పుడే రాతిపొడి.
చీమకుర్తిలో తెలుపుకి వయసు పావుగంట.

ఒంగోలు నుంచి ఖాజావలి వచ్చాడు,
జేబులో స్క్రూడ్రైవరు, సంచిలో కొత్త హార్డ్ డిస్కు.
"ఏందక్కా, మళ్ళీ నీలంగా చూస్తుందా?"
చూస్తుంది. పోయిన నెల్లో మూడుసార్లు.
మూడోసారి లారీలు మలుపు దాకా ఆగిపోయి
కాటాని తిట్టిన నోళ్ళతోనే నన్నూ తిట్టారు.

ఈ సాఫ్ట్‌వేర్ వేసినాయన నంబరు ఇప్పుడు
గుంటూరులో ఒక చీరల కొట్టుది.
ఆయనిచ్చిన సీడీ మా మేడ మీద
వడియాల పక్కన వేలాడుతూ పిట్టల్ని తోలుతోంది.

"ఫైళ్ళు కాపీ చేసుకుంటే చాలదా?"
"చాలదక్కా. కాయితాలు వస్తాయి,
పొద్దున ఎట్టా లేవాలో తెలిసిన బుద్ధి రాదు.
అది మొట్టమొదటి గీతలో రాసుంటది,
నువ్వు ఎప్పుడూ చూడని చోట.
ఉన్నది ఉన్నట్టు ఎత్తాల."

పెట్టె మూత తీశాడు.
పదకొండేళ్ళ నల్లరాతి పొడి,
అందులో అక్కడక్కడా బంగారు మెరుపు.
ఎన్ని లారీల మీద నుంచి రవ్వంత రవ్వంత
వే బిల్లు లేకుండా వచ్చి దాక్కుందో.

ఖాళీ డిస్కుని కాటా మీద పెట్టి రమ్మన్నాను, సరదాకి.
అంత ఇనప పలక నడుమ
నా పాటల పుస్తకంలో సగం లేదు.
కిటికీలో ఎర్ర అంకె కదల్లేదు. సున్నా.
"పది కిలోల లోపు దానికి కానరాదుగా," నవ్వాడు.

తర్వాత నవ్వలేదు.
తెర మీద రెండు పేర్లు:
ఒకదాంట్లో నుంచి, ఒకదాంట్లోకి.
తారుమారైతే
ఖాళీ వెళ్ళి నిండినదాన్ని తుడిచేస్తుంది.
"నంబరు చదువు రూతక్కా."
లారీ నంబర్లు చదివే గొంతుతోనే చదివాను.
డిస్కు ఒంటి మీద వేలు పెట్టి అతను తిరిగి చదివాడు.
మూడుసార్లు.
నాలుగోసారి నేనే అడిగాను.

పదకొండు శాతం. కరెంటు పోయింది.
ఇన్వర్టరు మూలిగితే ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
ముప్పై. యాభై రెండు.
టిక్కు టిక్కుమంటూ
పాతది ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని చెబుతోంది.

ఏమేం వెళుతున్నాయో నాకు తెలుసు.
రసీదు అడుగున
య వత్తు ఎగిరిపోయి "ధనవాదములు" అయిన ధన్యవాదములు.
నా ముందు ఆపరేటరు ఏసోబు తెరకి పెట్టుకున్న పసిపాప,
ఇప్పుడు ఆరో తరగతి, ఇక్కడ మాత్రం ఇంకా పళ్ళు రాలేదు.
పెంచలయ్య బండి ఖాళీ బరువు నేను తప్పు కొట్టిన రోజు,
మూడు ట్రిప్పుల డబ్బు పోయినా
ఆయన టీ తాగి పోయిన రోజు.
"ఆ ఒక్కటీ వదిలేయలేమా?"
"ఇది ఏరేది కాదక్కా, మోసేది."

డెబ్భై ఎనిమిది దగ్గర నిలబడింది.
రెండు చోట్ల చదవలేకపోయానని రాసి మళ్ళీ నడిచింది.
ఏ రెండో చెప్పలేదు.
పెంచలయ్యది అయ్యుంటే బాగుండుననుకున్నాను.
ఆ వెంటనే సిగ్గేసింది.

నూరు.
పాతదాని తీగ పీకి కొత్తదానికి తగిలించాడు.
"ఇది లేస్తేనే కాపీ. లేవకపోతే ఇనుము."
నలుపు.
నలుపు.
ఒక గీత, మెరుస్తూ.
తర్వాత పాప నవ్వింది, పళ్ళు లేకుండా.

మాలకొండయ్య గారు ఫోన్లో ఒకటే మాట:
"పాతది చచ్చిందాకా పాతదే వాడండి."
సరే. పాతది దాని చోటికి.
కొత్తదాన్ని ఇంకోసారి కాటా మీద పెట్టాను.
పదకొండేళ్ళ రాయి మొత్తం ఎక్కించాక కూడా
సున్నా.

"రెండూ ఒకే గదిలో ఉంచబాక," అని
ఖాజావలి బండి తిప్పుకున్నాడు.
డిస్కుని చేతిగుడ్డలో చుట్టి
టిఫిన్ క్యారియరు పై గిన్నెలో పెట్టుకున్నాను.

షేర్ ఆటోలో క్యారియరు అందుకుంటూ కుర్రాడు అన్నాడు:
"ఏందక్కా, అన్నం తినలా?
బరువుగా ఉండాది."